స్కాట్లాండ్, ఇంగ్లండ్ వాడుక పదాలు: స్లాంగ్, మాండలికం, భాష – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
బ్రిటన్‌లో ప్రామాణిక ఇంగ్లీషుకు వెలుపల వినిపించే పదజాలాన్నంతటినీ 'స్లాంగ్' అనే ఒకే పేరుతో వ్యవహరించడం పరిపాటి. ఈ పదజాలంలో కనీసం మూడు వేర్వేరు పొరలున్నాయి. మొదటిది స్వతంత్ర చరిత్ర గల స్కాట్స్ భాష. రెండవది ప్రాంతీయ మాండలికాలు. మూడవది వర్గ, వృత్తి, వయో సమూహాలు తమ కోసం నిర్మించుకున్న అసలైన స్లాంగ్. ఈ భేదాన్ని గుర్తించకపోవడం వల్ల ఒక భాషాసమాజం తన మాతృభాషను తప్పుడు ఇంగ్లీషుగా భావించుకునే స్థితి ఏర్పడింది. ఎంపిక చేసిన పదాల అర్థం, వ్యుత్పత్తి, సామాజిక నేపథ్యాలను వివరిస్తూ, వాటిని తెలుగులోకి తెచ్చేటప్పుడు ఎదురయ్యే సమస్యలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: స్కాట్స్, స్లాంగ్, మాండలికం, కాక్నీ, పోలారీ, రోమానీ, హిందుస్తానీ, అర్థవిపరిణామం, అనువాదం.

1. ప్రవేశిక

ఎడింబరో వీధిలో ఒక వృద్ధురాలు ఆకాశం వైపు చూసి 'ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్' అన్నదనుకుందాం. పాఠశాలలో ఇంగ్లీషు నేర్చిన విదేశీయుడు వాన పడదని అర్థం చేసుకుని గొడుగు లేకుండా బయలుదేరుతాడు. ఆమె చెప్పింది సరిగ్గా దానికి వ్యతిరేకం. స్కాట్స్‌లో 'డౌట్' అంటే 'అలా జరుగుతుందేమోనని అనుకోవడం'. 'వాన వస్తుందేమోనని అనుమానంగా ఉంది' అనే తెలుగు వాక్యంలో 'అనుమానం' చేసే పని ఇదే. ప్రామాణిక ఇంగ్లీషు నిఘంటువు దారి తప్పించిన చోట తెలుగు వాడుక దారి చూపుతుంది.

ఈ ఉదాహరణలోని 'డౌట్' స్లాంగ్ కాదు. అది ఎవరినీ ఆకట్టుకోవడానికో, రహస్యం దాచడానికో పుట్టించిన మాట కాదు. వేరొక భాషావ్యవస్థలో సహజంగా స్థిరపడిన అర్థం. అయినప్పటికీ స్కాట్లాండ్ పదాలను పరిచయం చేసే అనేక పట్టికలు ఇటువంటి మాటలను స్లాంగ్ కింద చేర్చుతున్నాయి. కాబట్టి పదాల అర్థాలకన్నా ముందు పేర్ల విషయంలో స్పష్టత అవసరం.

2. స్లాంగ్, మాండలికం, భాష: భేదనిర్ణయం

మాండలికం ఒక ప్రాంతానికి చెందినది. అందులో పుట్టినవాడు దానిని ఎంచుకోడు, అది అతనికి తల్లి నుంచి వస్తుంది. స్లాంగ్ ఒక సమూహానికి చెందినది. అది ప్రధానంగా పదజాలానికి పరిమితమై, తెలిసిన మాట ఉండగానే దానికి బదులుగా వేరొక మాటను నిలుపుతుంది. లోపలివారిని కలపడం, బయటివారిని దూరంగా ఉంచడం దాని ప్రయోజనాలు. ఇక భాషకు తనదైన ధ్వనివ్యవస్థ, వ్యాకరణం, సాహిత్యచరిత్ర ఉంటాయి.

బ్రిటన్‌లో స్లాంగ్ అధ్యయనం దొంగల పదాల సేకరణతో మొదలైంది. 1567 నాటికే థామస్ హార్మన్ దేశదిమ్మరుల, మోసగాళ్ల రహస్య పదాలను గ్రంథస్థం చేశాడు. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ లండన్ సామాన్యుల నోట వినిపించే మాటలతో నిఘంటువు వెలువరించాడు. 1937లో ఎరిక్ పార్ట్రిడ్జ్, 2010లో జొనాథన్ గ్రీన్ ఈ సంప్రదాయాన్ని విస్తృతపరిచారు. నేరస్థుల మాటల జాబితాగా ఆరంభమైన శాస్త్రం కాబట్టి 'స్లాంగ్' అనే ముద్రలో తొలినుంచీ నైతిక నింద కూడా కలిసి ఉంది. ఆ ముద్రను ఒక జాతి భాషపై వేసినప్పుడు జరిగే నష్టం చిన్నది కాదు.

3. స్కాట్స్: ఒక భాష స్లాంగ్‌గా మారిన తీరు

ప్రాచీన ఇంగ్లీషులోని ఉత్తరశాఖ నుంచి స్కాట్స్ పరిణమించింది. ప్రామాణిక ఇంగ్లీషు దానికి సోదరభాషే కాని తల్లి కాదు. స్కాట్లాండ్ స్వతంత్ర రాజ్యంగా ఉన్న కాలంలో రాజాస్థానంలోను, చట్టాలలోను, కావ్యాలలోను వాడింది ఈ భాషనే. 1603లో రెండు రాజ్యాలకు ఒకే రాజు రావడం, 1707లో రెండు పార్లమెంటులు ఏకం కావడం, ఇంగ్లీషు బైబిలే చర్చిలో స్థిరపడడం అనే మూడు కారణాల వల్ల లిఖితభాషా స్థానం ఇంగ్లీషుకు దక్కింది. స్కాట్స్ ఇంటికీ, పొలానికీ పరిమితమైంది.

18వ శతాబ్దిలో విద్యావంతులు ఈ పదాలను తమ రచనల నుంచి ఏరివేయడానికి పూనుకున్నారు. 1752లో తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ వర్జనీయమైన స్కాట్లాండ్ ప్రయోగాల పట్టికను ప్రకటించాడు. సంభాషణలో మాత్రం స్కాట్స్ ఉచ్చారణ ఆయనను వీడలేదు. 1786లో రాబర్ట్ బర్న్స్ స్కాట్స్ కవితల సంపుటి వెలువడింది. మరుసటి ఏడాదే, అంటే 1787లో, జేమ్స్ బీటీ అటువంటి పదాలను దిద్దుకోవడానికి ఉద్దేశించిన పుస్తకం ఎడింబరోలో అచ్చయింది. ఒకే సమాజం ఒక చేత్తో తన భాషను నెత్తిన పెట్టుకుని, రెండవ చేత్తో చెరిపివేసిందని దీనివల్ల గమనించవచ్చు.

ఈ ద్వైధీభావం పాఠశాలల్లో స్థిరపడింది. ప్రాథమిక విద్యపై 1946లో వెలువడిన ప్రభుత్వ సలహామండలి నివేదిక, స్కాట్స్ చదువుకున్నవారి భాష కాదనీ, విద్యకు గాని సంస్కృతికి గాని తగిన మాధ్యమం కాదనీ తేల్చింది. 'యెస్' అనడానికి బదులు 'ఆయ్' అన్న పిల్లవాడిని ఉపాధ్యాయుడు సరిదిద్దడం తరతరాల అనుభవం. 1994లో జేమ్స్ కెల్మన్ నవలకు బుకర్ బహుమతి లభించినప్పుడు, గ్లాస్గో శ్రామికుడి నోటిమాటలో నడిచిన ఆ రచనను నిర్ణేతల్లో ఒకరే బహిరంగంగా వ్యతిరేకించారు. తన సంస్కృతికీ భాషకూ ఉనికి హక్కు ఉందని కెల్మన్ బహుమతి ప్రసంగంలో చాటాడు.

మరోవైపు నిఘంటుకారులు మౌనంగా పనిచేశారు. 1808లో జాన్ జేమిసన్ వ్యుత్పత్తి నిఘంటువు, 1931 నుంచి 1976 వరకు పది సంపుటాలుగా స్కాటిష్ నేషనల్ డిక్షనరీ వెలువడ్డాయి. ప్రాచీన స్కాట్స్ నిఘంటువు 2002లో పూర్తయింది. 2011 జనగణనలో తొలిసారి స్కాట్స్ గురించి ప్రశ్న అడగగా దాదాపు 15 లక్షల మంది తాము ఆ భాష మాట్లాడగలమని చెప్పారు. 2022 జనగణనలోనూ ఆ సంఖ్య 15 లక్షలకు తగ్గలేదు. 2025లో స్కాటిష్ పార్లమెంటు చేసిన భాషల చట్టం గేలిక్‌తో పాటు స్కాట్స్‌కూ అధికారిక హోదా కల్పించింది.

4. స్కాట్లాండ్ పదాలు: అర్థచ్ఛాయలు

4.1 వానకు సంబంధించిన మాటలు

'డ్రీఖ్' అన్నది స్కాట్లాండ్ వాతావరణాన్ని వర్ణించే మాటలలో ప్రసిద్ధమైనది. నిఘంటువులు దీనికి 'దిగులు పుట్టించే' అని అర్థం చెబుతాయి. ఈ మాటకు మూలార్థం 'దీర్ఘమైన, ఎంతకూ తెగని' అని. సుదీర్ఘమైన ఉపన్యాసం కూడా డ్రీఖే. తెలుగులో 'ముసురు' దీనికి చాలా దగ్గరది. అందులోనూ చీకటి కన్నా ఎడతెగనితనమే ప్రధానం. 'స్మర్' అంటే కంటికి కనీకనపడని సన్నని తుంపర. 'హార్' అంటే తూర్పుతీరాన సముద్రం మీదినుంచి వచ్చే చల్లని పొగమంచు. 'డ్రూకిట్' అంటే తడిసి ముద్దయిన స్థితి.

4.2 మనిషినీ మనసునూ చెప్పే మాటలు

'వీ' అంటే చిన్న. వాడుకలో ఇది పరిమాణాన్ని కాక మమకారాన్నో, మొహమాటాన్నో సూచిస్తుంది. అతిథికి 'ఒక వీ కప్పు టీ' ఇస్తామన్నప్పుడు కప్పు చిన్నది కానక్కరలేదు. 'బేర్న్' అంటే బిడ్డ. ఇది ప్రాచీన ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట. తూర్పున బేర్న్ అన్నదానినే గ్లాస్గో వైపు 'వేన్' అంటారు. 'వీ', 'ఏన్' అనే రెండు మాటలు కలిసి 'చిన్నది' అనే అర్థంలో అది ఏర్పడింది. 'కెన్' అంటే తెలుసుకొను, 'గ్రీట్' అంటే ఏడ్చు, 'థోల్' అంటే ఓర్చు. ఇవన్నీ ప్రామాణిక ఇంగ్లీషు పోగొట్టుకున్న ప్రాచీన పదాలు, లేదా అర్థాలు. ఇవి చెడిన ఇంగ్లీషు రూపాలు కావనడానికి ఈ ప్రాచీనతే నిదర్శనం. 'ఫాష్' అంటే బెంగపడు. దీనికి మూలం ఫ్రెంచి. ఇంగ్లండుకు ఎదురుగా స్కాట్లాండ్, ఫ్రాన్సు 1295లో కుదుర్చుకున్న పొత్తు నాటి నుంచి సాగిన సంబంధాలకు ఇటువంటి మాటలు గుర్తులు.

'గ్లేకిట్' అంటే తెల్లమొహం వేసుకుని చూసేవాడు. 'క్రాబిట్' అంటే చిర్రుబుర్రులాడేవాడు. 'హేవర్' అంటే అవాకులు చవాకులు పేలడం. 'స్విదర్' అంటే రెండు ఆలోచనల మధ్య ఊగిసలాడడం. 'స్కనర్డ్' అన్నదానిలో విసుగు, వెగటు, నిస్సహాయత మూడూ కలిసి ఉంటాయి. అందువల్ల దానిని ఒక్క తెలుగు మాటతో తేల్చడం కష్టం.

అర్థవిపరిణామానికి గ్లాస్గో మాట 'గాలస్' మంచి ఉదాహరణ. ఉరికొయ్యను సూచించే పదం నుంచి పుట్టిన ఈ మాటకు మొదట 'ఉరి తీయదగినవాడు' అని అర్థం. క్రమంగా అది తెగువ గలవాడు, దర్జా గలవాడు, చివరకు భేషైనది అనే ప్రశంసగా మారింది. అధికారం నిందించినదానిని వీధి మెచ్చుకోవడం ఈ మార్పులో కనిపిస్తుంది. స్లాంగ్ అనదగిన గ్లాస్గో మాటలూ ఉన్నాయి. తాగి తూలేవాడు 'స్టీమింగ్', బుద్ధిలేనివాడు 'నంప్టీ'. మైకేల్ మన్రో 1985లో ఆ నగర పదజాలాన్ని 'ద పాటర్' పేరుతో సంకలనం చేశాడు. నంప్టీ, దుర్గంధాన్నో రోతనో తెలిపే 'మింగింగ్' వంటివి ఆ తరువాత బ్రిటన్ అంతటా వ్యాపించాయి.

4.3 తెలిసినట్లే కనిపించి తప్పుదారి పట్టించే మాటలు

కొత్త మాట ఎదురైతే శ్రోత అడిగి తెలుసుకుంటాడు. తెలిసిన మాట కొత్త అర్థంలో వచ్చినప్పుడే పొరపాటు జరుగుతుంది. స్కాట్లాండ్‌లో 'మెసేజెస్' అంటే సందేశాలే కాదు, దుకాణం నుంచి తెచ్చే సరుకులు కూడా. 'పీస్' అంటే ముక్క కాదు, మధ్యాహ్నానికి కట్టుకుపోయే రొట్టె. 'హౌ' అని అడిగితే 'ఎలా' అని కాక 'ఎందుకు' అని అడిగినట్లు కావచ్చు. 'స్టే' అంటే తాత్కాలికంగా దిగడం కాదు, నివాసం ఉండడం. భారతీయ ఇంగ్లీషులోనూ ఈ ప్రయోగం ఉన్నందువల్ల ఇక్కడివారికి ఇది వింతగా తోచదు. 'ఔట్‌విత్' అంటే 'పరిధికి వెలుపల'. స్కాట్లాండ్ విశ్వవిద్యాలయాల నిబంధనలలోను, ప్రభుత్వ పత్రాలలోను ఇది నిత్యం కనిపిస్తుంది. దక్షిణాన ఉన్న ఇంగ్లీషువారికి మాత్రం అపరిచితం. ప్రభుత్వ పత్రంలో నిలిచిన మాటను స్లాంగ్ అనడం ఎంత అసంగతమో దీనితో తేటపడుతుంది.

5. ఇంగ్లండ్: సమూహాలు నిర్మించుకున్న స్లాంగ్

5.1 ప్రాసతో దాచిన అర్థం

19వ శతాబ్ది మధ్యకాలంలో లండన్ తూర్పుభాగంలో ప్రాస స్లాంగ్ ప్రచారంలోకి వచ్చింది. చెప్పదలచిన మాటకు ప్రాస కుదిరే జంటపదాన్ని తీసుకుని, తరచు ప్రాస ఉన్న రెండో పదాన్ని వదిలేయడం దీని పద్ధతి. 'లుక్' అంటే చూపు. దానికి 'బుచర్స్ హుక్' ప్రాస. వాడుకలో 'బుచర్స్' మాత్రమే మిగులుతుంది. అలాగే 'హెడ్'కు 'లోఫ్ ఆఫ్ బ్రెడ్' కుదిరి, తల 'లోఫ్' అయింది. 'మేట్'కు 'చైనా ప్లేట్' కుదిరి, స్నేహితుడు 'చైనా' అయ్యాడు. ప్రాసను వదిలేయడంతో తాళంచెవిని దాచేసినట్లవుతుంది.

ఈ పద్ధతి స్కాట్లాండ్‌కు వెళ్లినప్పుడు స్థానిక ఉచ్చారణను ఆశ్రయించింది. చనిపోయాడనడానికి లండన్‌లో 'బ్రౌన్ బ్రెడ్' అంటారు, అది 'డెడ్'కు ప్రాస. గ్లాస్గోలో 'పాన్ బ్రీడ్' అంటారు, అది స్కాట్స్ మాట 'డీడ్'కు ప్రాస. చెవిటివాడిని 'కార్న్డ్ బీఫ్' అనడం, 'డెఫ్'ను 'డీఫ్' అని పలికేచోట మాత్రమే కుదురుతుంది. ఇక్కడ స్లాంగ్ అనే పైపొర కింద స్కాట్స్ అనే భాష పునాదిగా ఉన్నదని స్పష్టమవుతుంది. ఈ రెండూ ఒకటి కావనడానికి ఇంతకన్నా సులభమైన రుజువు దొరకదు.

5.2 ప్రాణరక్షణకు భాష: పోలారీ

రహస్యం కొందరికి వినోదం, కొందరికి ప్రాణావసరం. పురుషుల మధ్య స్వలింగ సంబంధం నేరంగా ఉన్న కాలంలో ఆ సమూహంలోనివారు, నాటకశాలల వారు, ఓడల సిబ్బంది వాడిన పదజాలం పోలారీ. ఇందులో ఇటాలియన్, రోమానీ, దొంగల భాషల మాటలు కలిశాయి. 'బోనా' అంటే మంచి, 'వాడా' అంటే చూడు. 1965 నుంచి 1968 వరకు ప్రసారమైన ఒక బీబీసీ రేడియో హాస్యకార్యక్రమం ఈ మాటలను లక్షలాది శ్రోతలకు వినిపించింది. 1967లో ఇంగ్లండ్, వేల్స్‌లలో చట్టం సడలింది. రహస్యం వెల్లడి కావడం, అవసరం తగ్గడం రెండూ తోడై పోలారీ క్షీణించింది. ప్రయోజనం తీరగానే తొలగిపోవడం స్లాంగ్ స్వభావమనీ, మాండలికం అలా తొలగిపోదనీ ఇక్కడ గుర్తించాలి.

5.3 రోమానీ, హిందుస్తానీ మూలాలు

స్నేహితుడిని 'పాల్' అనడం ఇంగ్లీషులో సర్వసాధారణం. ఇది రోమానీ భాషలో సోదరుడిని తెలిపే మాట. రోమానీ భారతీయ ఆర్యభాష కాబట్టి ఈ మాట సంస్కృత 'భ్రాతృ' శబ్దానికి వారసురాలు. ఎడింబరో వీధుల్లో మనిషిని 'గాడ్జీ' అనడం, బాగున్నదానిని 'బారీ' అనడం కూడా రోమానీ ప్రభావమే. అదే మూలం నుంచి వచ్చిందని నిఘంటుకారులు భావించే 'చావ్' మాత్రం 21వ శతాబ్ది ఆరంభంలో పేద శ్రామిక యువతను హీనపరిచే తిట్టుగా మారింది. సమూహం తనకోసం పుట్టించుకున్న మాటకూ, పైవర్గం కింది వర్గంపై విసిరే మాటకూ తేడా ఉన్నదని ఇది హెచ్చరిస్తుంది.

వలసపాలనలో భారతదేశానికి వచ్చిన సైనికులు తిరుగుప్రయాణంలో మాటలను మోసుకుపోయారు. 'పక్కా' నుంచి 'పకా', 'ఖుష్' నుంచి 'కుషీ', 'దేఖో' నుంచి 'డెకో' ఏర్పడ్డాయి. కుషీ అంటే శ్రమలేని హాయైన ఉద్యోగం. మహారాష్ట్రలోని దేవ్‌లాలీ శిబిరంలో ఓడ కోసం నెలల తరబడి వేచి మతిచెడిన సైనికుల స్థితి నుంచి 'డూలాలీ' అనే మాట వచ్చింది. దీనికి మొదటి రూపం 'డూలాలీ టాప్'. ఇందులోని రెండో మాట జ్వరాన్ని తెలిపేది, తెలుగువారెరిగిన 'తాపం'తో చుట్టరికం గలది. పరదేశాన్ని సూచించే 'విలాయతీ' సైనికుల నోట 'బ్లైటీ'గా మారి, వారి స్వదేశానికే పేరైంది. మొదటి ప్రపంచయుద్ధంలో ప్రాణం పోకుండా ఇంటికి పంపించేంత గాయాన్ని 'బ్లైటీ' అన్నారు. భారతీయుడికి 'పరాయిది' అయినదే ఆ సైనికుడికి 'ఇల్లు' కావడం ఈ మాట చరిత్రలోని విశేషం. తెలుగులో 'సీమ' అనే మాట సీమచింత, సీమదొర వంటి సమాసాలలో ఇదే దేశాన్ని ఇక్కడినుంచి చూసింది.

1886లో యూల్, బర్నెల్ ప్రకటించిన 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువులో ఇటువంటి పదాలెన్నో ఉన్నాయి. అందులో తెలుగు 'పందికొక్కు' నుంచి ఏర్పడిన 'బాండికూట్' కూడా ఉంది. పందికొక్కు జంతువు పేరుగా శిష్టభాషలో చేరింది. డెకో, కుషీ స్లాంగ్‌లో చేరాయి. మాట ఏ దేశం నుంచి వచ్చిందన్నదానికన్నా ఎవరి నోటి మీదుగా వచ్చిందన్నదే దాని హోదాను నిర్ణయించిందని చెప్పవచ్చు.

5.4 నేటి లండన్ యువత

కరీబియన్, ఆఫ్రికా, దక్షిణాసియా కుటుంబాల పిల్లలు కలిసి పెరిగిన లండన్ పేటల్లో ఒక కొత్త వాగ్రూపం ఏర్పడింది. పాల్ కెర్స్‌విల్, జెన్నీ చెషైర్ మొదలైన భాషావేత్తలు దీనిని బహుసాంస్కృతిక లండన్ ఇంగ్లీషుగా వర్ణించారు. 'ఎండ్స్' అంటే సొంత పేట, 'పెంగ్' అంటే అందమైన, 'బేర్' అంటే బోలెడు. 'మ్యాన్' అనే మాట 'నేను' అనే అర్థంలో సర్వనామంగా కూడా ప్రయోగమవుతోంది. సర్వనామం మారడం వ్యాకరణంలో మార్పు కాబట్టి దీనిని కేవలం స్లాంగ్ అనలేము. 2013లో దక్షిణ లండన్‌లోని ఒక పాఠశాల 'బేర్', 'ఇనిట్' వంటి మాటలను నిషేధిస్తూ పట్టిక అతికించింది. బీటీ పుస్తకానికీ ఈ పట్టికకూ మధ్య రెండు శతాబ్దాలకు పైగా గడిచినా ఆలోచన మారలేదు.

6. తెలుగు అనువాదంలో సమస్యలు

స్కాట్లాండ్ నవలను తెనిగించేవారు మొదట పొరలను వేరుచేయాలి. అర్విన్ వెల్ష్ 1993లో ప్రచురించిన 'ట్రెయిన్‌స్పాటింగ్'లో స్కాట్స్ భాష, ఎడింబరో మాండలికం, మత్తుమందుల లోకపు స్లాంగ్ ఒకే వాక్యంలో కలుస్తాయి. అన్నింటినీ ఒకే మోటు తెలుగులోకి మార్చితే మూలంలోని భేదం నశిస్తుంది.

స్కాట్స్‌కు బదులు ఒక తెలుగు మాండలికాన్ని నిలపడం రెండో మార్గం. ఇందులో ప్రమాదముంది. తెలుగు సినిమా దీర్ఘకాలం తెలంగాణ, రాయలసీమ వాడుకలను హాస్యపాత్రలకో ప్రతినాయకులకో కేటాయించింది. శ్రద్ధ లేకుండా ఆ వాడుకను ఎంచుకుంటే, కెల్మన్ వ్యతిరేకించిన అవమానాన్నే అనువాదం వేరొక సమాజంపై మోపుతుంది. పాత్ర మాటతో పాటు కథనాన్ని కూడా ఆ వాడుకలోనే నడపడం కెల్మన్ పద్ధతికి దగ్గరవుతుంది.

సాంస్కృతిక ప్రతీకలు మూడో సమస్య. స్కాట్లాండ్‌లో దీవించేటప్పుడు 'లాంగ్ మే యర్ లమ్ రీక్' అంటారు. మాటకు మాటగా చూస్తే 'నీ ఇంటి పొగగొట్టం చిరకాలం పొగ విడుచుగాక' అని. చలిదేశంలో పొయ్యి ఆరకపోవడమే భాగ్యం. ఎండదేశంలో పుట్టిన తెలుగు 'చల్లగా ఉండు' అని దీవిస్తుంది. భావం ఒకటే, ఉష్ణోగ్రత తలకిందులు. ఇక్కడ పదాన్ని కాక దీవెనను అనువదించడం ఉచితం. సాధారణ బ్రిటిష్ మాటలలో సమస్య ఇంత తీవ్రం కాదు. 'నాకర్డ్' ముసలి గుర్రాలను కొని చంపే వృత్తి నుంచి వచ్చినా 'ఒళ్లు హూనమైంది' అంటే సరిపోతుంది. 'స్కింట్' అంటే చేతిలో చిల్లిగవ్వ లేకపోవడం. 'గాబ్‌స్మాక్డ్' అంటే నోరెళ్లబెట్టడం.

7. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలివి:

• కెన్, గ్రీట్, థోల్ వంటివి స్కాట్స్ భాషాపదాలు. వాటిని స్లాంగ్ అనడం చరిత్రకు విరుద్ధం.
• ప్రాస స్లాంగ్, పోలారీ వంటివి సమూహ అవసరం నుంచి పుట్టాయి. అవసరం మారినప్పుడు అవీ మారతాయి, లేదా అంతరిస్తాయి.
• స్లాంగ్‌కు పునాది స్థానిక భాషే. 'పాన్ బ్రీడ్', 'బ్రౌన్ బ్రెడ్' దీనికి సాక్ష్యాలు.
• ఒక మాట హోదాను దాని రూపం కాక, పలికేవారి సామాజిక స్థానం నిర్ణయిస్తోంది.

1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం కోసం తెలుగు రైతుల నోటి నుంచి వ్యవసాయ పదాలను సేకరించినప్పుడు, గ్రామ్యమని తోసిపుచ్చినవాటికి శాస్త్రగౌరవం లభించింది. స్కాట్లాండ్ నిఘంటుకారులు చేసిందీ అదే పని. తన నోటి మాటకు నిఘంటువులో చోటుందని తెలిసిన పిల్లవాడు తరగతిలో తలవంచుకోనక్కరలేదు. పదాల అర్థాలు చెప్పేవారు ముందుగా వాటి పేరును సరిగా చెప్పవలసిన బాధ్యత ఇందువల్లనే ఏర్పడుతున్నది.